తీగల మీద చేయి, మైకు మీద పెదవి

0.047 మైక్రోఫారడ్. 1960లలో అమెరికాలో తయారైన ఫెండర్ గిటార్ యాంప్లిఫైయర్ వెనకపలక విప్పి చూస్తే, కరెంటు తీగ లోపలికి వచ్చే చోట, 'గ్రౌండ్' అని రాసి ఉన్న చిన్న స్విచ్చి దగ్గర ఈ విలువ గల కెపాసిటర్ ఒకటి ఉంటుంది. వేలెడు పొడవు కూడా ఉండదు. దాని ఒక కొస గోడలోంచి వచ్చే కరెంటుకి, రెండో కొస యాంప్లిఫైయర్ ఇనప చట్రానికి అతికి ఉంటుంది. ఆ చట్రానికి గిటారు కేబుల్ పైతొడుగు, ఆ తొడుగుకి గిటారు బ్రిడ్జి, బ్రిడ్జికి ఉక్కు తీగలు, తీగలకి వాయించేవాడి వేళ్లు. గోడలోని కరెంటుకీ మనిషికీ మధ్య అడ్డంగా ఉన్నది ఆ బుల్లి వస్తువు ఒక్కటే. మరమ్మతులు చేసేవాళ్లు దీన్ని 'డెత్ క్యాప్' అంటారు.

దీన్ని పెట్టినవాళ్లేమీ తెలివితక్కువవాళ్లు కారు. అప్పటి అమెరికా ఇళ్లలో చాలా సాకెట్లకు రెండే రంధ్రాలు. ఎర్త్ అనేదే లేనప్పుడు యాంప్లిఫైయర్ చట్రం దేనికీ అంటకుండా గాలిలో వేలాడుతుంది, చుట్టుపక్కల కరెంటు గోలనంతా లాక్కుని 'ఘుమ్మ్' మంటుంది. చట్రాన్ని కెపాసిటర్ ద్వారా న్యూట్రల్‌కి కడితే ఆ గోల తగ్గుతుంది. చిక్కల్లా ఆ ప్లగ్గుని ఎటు తిప్పి గుచ్చినా సాకెట్‌లో పడుతుంది కాబట్టి ఏది న్యూట్రల్, ఏది ఫేజు అన్నది పెట్టెకి తెలియదు. అందుకే ఆ స్విచ్చి. అటూ ఇటూ వేసి చూసి, మోత తక్కువున్న వైపు ఉంచేసి వాయించుకోవడమే. భద్రతని చెవితో తేల్చుకునే ఏర్పాటన్నమాట.

ఇక లెక్కలోకి వద్దాం. 60 హెర్ట్జ్ కరెంటుకి 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ సుమారు 56,000 ఓమ్‌ల అడ్డు పెడుతుంది. 120 వోల్టుల్ని దానితో భాగిస్తే 2.1 మిల్లీఆంపియర్లు. స్విచ్చి పొరపాటున ఫేజు వైపు ఉంటే, ఎర్త్ అయిన వస్తువు దేన్నయినా తాకిన వాద్యకారుడి ఒంట్లోంచి పారేది అంత. అదే పెట్టెని మన 230 వోల్టులు, 50 హెర్ట్జ్‌కి మార్చి నడిపితే 3.4 మిల్లీఆంపియర్లు. 1 మిల్లీఆంపియర్ దగ్గరే చాలామందికి వేలి కొసన చురుక్కుమంటుంది. 3.4 అంటే చెయ్యి ఠక్కున వెనక్కి లాక్కుంటారు, పక్కవాణ్ణి తిడతారు, అంతకంటే ఏమీ కాదు. కెపాసిటర్ బాగున్నంతకాలం కథ ఇంతే.

ప్రమాదం ఏ అంకె దగ్గర మొదలవుతుందో తేల్చినవాడు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీలో ఆచార్యుడైన చార్లెస్ డాల్జీల్. స్వచ్ఛందంగా ముందుకొచ్చిన 134 మంది పురుషుల చేత, 28 మంది స్త్రీల చేత కరెంటు పారే తీగ పట్టించి, ఎంత దాటితే పిడికిలి విప్పలేకపోతున్నారో కొలిచాడు. పురుషుల్లో సగటు సుమారు 16 మిల్లీఆంపియర్లు, స్త్రీలలో 10.5. అంతకు మించితే ముంజేతి కండరాలు బిగుసుకుపోయి, వదిలేయాలని మనసు ఎంత చెప్పినా చెయ్యి వినదు. గిటారిస్టు ఎడమచెయ్యి ఎలా ఉంటుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. కర్ర చుట్టూ వేళ్లు మూసుకుని, ఆరు ఉక్కు తీగల్ని నొక్కిపట్టి ఉంటుంది. షాక్ కొడితే విదిలించుకోవడానికి ఇంతకంటే ప్రతికూలమైన భంగిమ మరొకటి లేదు. 30 మిల్లీఆంపియర్లు దాటి, సెకను పైన గుండె మీదుగా పారితే, గుండె లయ తప్పి ఊరికే వణకడం మొదలయ్యే అవకాశం ఉంది.

ఇప్పుడు ఆ కెపాసిటర్‌కి అరవై ఏళ్లు. పాతరకం కాగితం, మైనం కెపాసిటర్లు వయసు మీదపడేకొద్దీ లోపల చెమ్మ చేరి కరెంటు కార్చడం మొదలుపెడతాయి, కొన్ని పూర్తిగా షార్టవుతాయి. అలా అయ్యాక 56,000 ఓమ్‌ల అడ్డు సున్నాకి వస్తుంది. మిగిలేది మనిషి ఒళ్లొక్కటే. పొడి చర్మం పదుల వేల ఓమ్‌ల అడ్డు పెట్టగలదు కానీ స్టేజి దీపాల కింద చెమట పట్టిన చేతికి అంత ఉండదు. భద్రత లెక్కల్లో మామూలుగా 1,000 ఓమ్‌లు వేసుకుంటారు. 120 వోల్టులైతే 120 మిల్లీఆంపియర్లు, 230 వోల్టులైతే 230.

"ఫ్యూజు ఉంది కదా" అని ఎవరో ఒకరు అంటారు. ఆ యాంప్లిఫైయర్లలో ఉండేది 2 ఆంపియర్ల ఫ్యూజు, అంటే 2,000 మిల్లీఆంపియర్లు. మనిషిని చంపగల 120 దానికి చీమ కుట్టినట్టు కూడా కాదు. ఫ్యూజు ఉన్నది ట్రాన్స్‌ఫార్మర్ తగలబడకుండా, ఇల్లు అంటుకోకుండా. వాయించేవాడి సంగతి దాని పనుల జాబితాలో లేదు.

ఇన్ని ఉన్నా ఆ యాంప్లిఫైయర్లతో లక్షలమంది నిక్షేపంగా వాయించారు. కారణం తేలికే. కరెంటుకి రెండు కొసలు కావాలి. చెక్క నేల మీద, రబ్బరు బూట్లతో నిలబడి గిటారు ఒక్కటే పట్టుకున్నవాడికి రెండో కొస లేదు. అది ఎక్కడ దొరుకుతుందంటే, మైకు దగ్గర. మైకు వేరే పెట్టెకి, ఆ పెట్టె వేరే సాకెట్‌కి తగిలించి ఉంటుంది. చేతిలో ఒక పెట్టె చట్రం, పెదవి దగ్గర ఇంకో పెట్టె చట్రం. ఆ రెంటి మధ్య 120 వోల్టుల తేడా ఉంటే అది తీరేది పాటగాడి ఛాతీ మీదుగానే. పెదవి తడిగా ఉంటుంది, చర్మం పల్చన. పాతకాలం వాద్యాల్లో నేను చూసినంతవరకు అసలు చిక్కు ఇదే. ఒక్కో పెట్టెని విడివిడిగా పరీక్షిస్తే రెండూ మంచివిగానే తేలవచ్చు.

1965 డిసెంబర్‌లో కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో రోలింగ్ స్టోన్స్ కచేరీ నడుస్తుండగా కీత్ రిచర్డ్స్ గిటారు మైకు స్టాండుకి తగిలింది. మనిషి స్పృహతప్పి పడిపోయాడు. వేసుకున్న బూట్ల మందపాటి అడుగు బతికించిందన్నది అప్పటినుంచి చెప్పుకునే మాట. 1972 మేలో వేల్స్‌లోని స్వాన్సీలో 'స్టోన్ ది క్రోస్' బృందం గిటారిస్టు లెస్ హార్వీకి ఆ అదృష్టం లేదు. ఎర్త్ సరిగా లేని మైకుని పట్టుకున్నాడు, వేదిక మీదే ప్రాణం పోయింది. వయసు 27. 1976 మేలో 'యార్డ్‌బర్డ్స్' గాయకుడు కీత్ రెల్ఫ్ ఇంట్లోనే గిటారు వాయిస్తూ షాక్‌తో చనిపోయాడు. హార్వీ చనిపోయింది మూడు పిన్నుల ప్లగ్గుకి 1947లోనే ప్రమాణం రాసుకున్న దేశంలో అన్నది గమనించాలి. మూడో పిన్ను ఉండటం వేరు, దాని వెనక తీగ అటు చివరిదాకా నిజంగా వెళ్లడం వేరు.

ఫెండర్ లాంటి పెట్టెల్లో కనీసం పవర్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. అంటే గోడ కరెంటు ఒక చుట్టలో, లోపలి సర్క్యూట్ ఇంకో చుట్టలో, మధ్యన ఇనుము. 1950లు, 60లలో డిపార్ట్‌మెంట్ స్టోర్లలో అమ్మిన చవక విద్యార్థి యాంప్లిఫైయర్లలో చాలావాటికి అదీ లేదు. అప్పటి బల్ల రేడియోల లెక్కే వీటిదీ. 50 వోల్టుల వాల్వు ఒకటి, 35 వోల్టులది ఒకటి, 12 వోల్టులది ఒకటి, మూడింటి ఫిలమెంట్లనీ వరసగా కడితే 97. మిగిలిన 20 పైచిలుకు వోల్టుల్ని ఒక రెసిస్టర్ మింగేస్తుంది. 120 వోల్టులకి సరిపోయింది, ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు మిగిలింది. సర్క్యూట్ మాత్రం సూటిగా గోడ కరెంటులో భాగమైపోయింది. రేడియో అయితే చెక్కపెట్టెలో మూసి ఉంటుంది కాబట్టి నడిచిపోయింది. దానికే గిటారు తగిలించి పిల్లాడి చేతికి ఇవ్వడం అప్పటి వ్యాపారుల పాపం. ఈ పెట్టెలకి మూడో తీగ ఒక్కటే బిగిస్తే చాలదు. లోపల ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి, లేదంటే అలంకారానికి అల్మారాలో ఉంచుకోవాలి.

ఆ మూడో తీగ, మన ఎలక్ట్రీషియన్ల మాటలో ఎర్తింగ్, చేసే పని రెండు రకాలు. మొదటిది చిల్లరగా కారే కరెంటుని మళ్లించడం. చట్రం నుంచి ప్లగ్గు ఎర్త్ పిన్ను దాకా నిరోధం 0.1 ఓమ్ ఉందనుకుందాం, మంచి ఉపకరణానికి ఉండాల్సిన హద్దు అదే. కెపాసిటర్ కార్చే 3.4 మిల్లీఆంపియర్లకి ముందు రెండు దారులున్నాయి. 0.1 ఓమ్‌ల రాగితీగ ఒకటి, 1,000 ఓమ్‌ల మనిషి ఇంకొకటి. మనిషి వంతుకి వచ్చేది పదివేలలో ఒక భాగం, అంటే 0.00034 మిల్లీఆంపియర్. చీమంత చురుకు కూడా ఉండదు. రెండోది, పూర్తిగా షార్టయిన రోజున కరెంటంతా ఆ రాగితీగలోంచి వరదలా పారి ఫ్యూజునో, కరెంటు మితిమీరితే తెంచే ఎంసీబీనో పడగొట్టడం. దారి మొత్తం 1 ఓమ్ ఉంటే 230 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీ కనురెప్ప వేసేలోగా పడిపోతుంది.

కానీ ఇంటి వెనక ఎర్త్ గుంత ఎలా ఉందో? మన దగ్గర బొగ్గూ ఉప్పూ వేసి పూడ్చిన గుంతలో, ఏప్రిల్, మే నాటికి నేల ఎండిపోయి, నీళ్లు పోసే నాథుడు లేక, నిరోధం 20 ఓమ్‌లకి చేరిందనుకోండి. 230ని 20తో భాగిస్తే 11.5 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది మామూలు గీజరు వాడకంలాగే కనిపిస్తుంది, అది కదలదు. యాంప్లిఫైయర్ చట్రం 200 వోల్టులకి పైనే అలా కూర్చుని ఉంటుంది, ఎర్తింగ్ ఉందన్న ధీమాతో మనం దాన్ని ముట్టుకుంటాం. ఇలాంటి చోట కాపాడేది ఆర్‌సీసీబీ. ఫేజులో వెళ్లిందీ న్యూట్రల్‌లో తిరిగొచ్చిందీ సరిపోల్చి, 30 మిల్లీఆంపియర్ల తేడా రాగానే కట్ చేసేస్తుంది. 11.5 ఆంపియర్లంటే దానికి హద్దు మీద 380 రెట్లు. గుంత నిరోధం 1,600 ఓమ్‌లున్నా సరే, చట్రం మీద 50 వోల్టులు పోగయ్యేలోపే అది పడిపోతుంది. అమెరికాలో ఇదే పరికరం ఇంకా చురుకైనది, 5 మిల్లీఆంపియర్ల దగ్గరే పడుతుంది. 1961లో దాన్ని రూపొందించింది కూడా మన డాల్జీలే.

పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్‌ని కర్ణాటక వేదిక ఎక్కించాక, ఉక్కు తీగ, కేబుల్, యాంప్లిఫైయర్ అన్న గొలుసు మన కచేరీలకీ వచ్చింది. ఆర్కెస్ట్రా వాళ్ల గిటార్లు, కీబోర్డులు సరేసరి. పెళ్లి పందిట్లో మైకులు జనరేటర్ మీద, యాంప్లిఫైయర్ పక్కింటి సాకెట్‌లోంచి లాగిన రెండు పిన్నుల తీగ మీద నడుస్తుంటే, శాక్రమెంటో, స్వాన్సీ వేదికల కంటే మన పందిరి సురక్షితమేమీ కాదు. వేదిక మీదున్న ప్రతి పెట్టెకీ ఒకే బోర్డు నుంచి, మూడు తీగలతో, ఆర్‌సీసీబీ గుండా కరెంటు ఇస్తే చాలు. ఏ రెండు చట్రాల మధ్యా చెప్పుకోదగ్గ తేడా రాదు.

అమెరికా నుంచి తెచ్చుకునే పాత వాద్యాల సంగతి ఇంకో మెలిక. 120 వోల్టుల పెట్టె కాబట్టి స్టెప్‌డౌన్ డబ్బా ఒకటి కొని తగిలిస్తాం. బజారులో దొరికే చవక డబ్బాల్లో చాలావరకు ఆటో ట్రాన్స్‌ఫార్మర్లు. వాటిలో చుట్ట ఒక్కటే, మధ్యలోంచి ఒక తీగ బయటికి లాగుతారు. వోల్టేజీ తగ్గుతుంది గానీ గోడ కరెంటు నుంచి విడిపోవడం ఉండదు. ఆ రెండు పిన్నుల ప్లగ్గుని తిరగేసి గుచ్చితే, ఉమ్మడి కొస న్యూట్రల్‌కి బదులు ఫేజుకి పోతుంది. అప్పుడు వాద్యానికి వెళ్లే రెండు తీగల్లో ఒకటి నేలతో పోలిస్తే 230 వోల్టుల మీద, రెండోది సుమారు 110 మీద ఉంటాయి. పెట్టె మామూలుగానే పాడుతుంది, అనుమానమే రాదు. దాని డెత్ క్యాప్ మాత్రం అమెరికాలో ఎన్నడూ చూడని 230 వోల్టుల్ని మోస్తుంటుంది. పైగా ఆ డబ్బాకి అవతలివైపు రెండు రంధ్రాలే ఉంటే, ఎంతో శ్రద్ధగా బిగించుకున్న ఎర్త్ తీగ అక్కడితో తెగిపోయినట్టే. రెండు చుట్టలు విడిగా ఉండి, ఎర్త్ ఇటునుంచి అటు కొనసాగే ట్రాన్స్‌ఫార్మర్ అడిగి కొనాలి. బరువూ ఎక్కువే, ధరా ఎక్కువే.

మాటల్లో మాట. వోల్టేజీ సరిచేసినంత మాత్రాన అన్నీ సరికావు. 1935లో బజారుకొచ్చిన హామండ్ ఆర్గన్‌లో స్వరాలు పుట్టించే చక్రాల్ని తిప్పేది కరెంటు ఫ్రీక్వెన్సీని అనుసరించి నడిచే మోటారు. 60 హెర్ట్జ్ ఆర్గన్‌ని మన 50 మీద నడిపితే ఆరింట అయిదు వంతుల వేగమే వస్తుంది. 440 పలకాల్సిన స్వరం 367 దగ్గర పలుకుతుంది. 12 స్వరస్థానాల లెక్కలో మూడు మెట్లు కిందికి. ప్రాణానికి ఢోకా లేదు, గాయకుడికే ఇబ్బంది.

ఎర్తింగ్‌కి అసలు శత్రువు కక్కుర్తి కాదు, హమ్. రెండు పెట్టెలూ విడివిడిగా ఎర్త్ అయి, మధ్యన ఆడియో కేబుల్ కూడా ఉంటే ఒక వలయం ఏర్పడి 50, 100 హెర్ట్జ్ మోత మొదలవుతుంది. రికార్డింగ్ గదుల్లో, వేదికల దగ్గర దీనికి నడిచే చిట్కా, ఒక ప్లగ్గు ఎర్త్ పిన్ను విరగ్గొట్టడం, లేదా లోపల పచ్చతీగ ఊడదీయడం. మోత నిజంగానే ఆగిపోతుంది. ఆ పెట్టెని ఇప్పుడు భూమికి కలుపుతున్నది ఆడియో కేబుల్ మీద ఉన్న సన్నటి తొడుగు ఒక్కటే. కచేరీ మధ్యలో ఎవరో కాలు తగిలి ఆ కేబుల్ ఊడితే అదీ లేదు. వలయాన్ని తెంచాల్సింది ఆడియో దారిలో. మధ్యన డీఐ బాక్సు అనే సిగ్నల్ పెట్టె ఉంచి దాని 'గ్రౌండ్ లిఫ్ట్' మీట నొక్కితే సిగ్నల్ తొడుగు మాత్రమే తెగుతుంది, కరెంటు ఎర్త్ జోలికి పోదు. ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ చేసేదీ అదే. ఎర్త్ పిన్ను విరిచి మోత ఆపే సౌండ్ ఇంజనీరుకి నా గిటారు ఇవ్వను.

పెట్టె కరెంటు కారుస్తోందో లేదో టెస్టర్ పెట్టి చూస్తే నియాన్ బుడ్డి వెలగవచ్చు. అయితే అది వోల్టేజీ ఉందని చెబుతుంది గానీ వెనక ఎంత కరెంటు ఉందో చెప్పదు. రెండు పిన్నుల అడాప్టర్ మీద నడిచే కొత్త కీబోర్డు మీదా, షార్టయిన పాత యాంప్లిఫైయర్ మీదా అది ఒకేలా మెరుస్తుంది. మల్టీమీటర్ కూడా ఒంటరిగా పెడితే భయపెడుతుంది. దాని లోపలి నిరోధం కోటి ఓమ్‌లు కాబట్టి, చిటికెడు కారే కరెంటుకి కూడా 90, 100 వోల్టులు చూపిస్తుంది. పని తెలిసిన మెకానిక్ చట్రానికీ ఎర్త్‌కీ మధ్య 1,000 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి, దాని మీద వోల్టేజీ చూస్తాడు. 0.3 వోల్టు అంటే 0.3 మిల్లీఆంపియర్, కొత్త వస్తువుల్లో మామూలు. 2 వోల్టులంటే 2 మిల్లీఆంపియర్లు, ఎక్కడో డెత్ క్యాప్ లాంటిది ఉంది. రెసిస్టర్ కాలి పొగ వస్తే సమాధానం దొరికినట్టే.

మరమ్మతు ఖర్చు, ఆ పెట్టెల ఇప్పటి ధరతో పోలిస్తే లెక్కలోది కాదు. మూడు తీగల కేబుల్ వేస్తారు. పచ్చతీగని చట్రానికి దానికంటూ ఒక బోల్టు వేసి, రంగు గీకి, పళ్ల వాషరుతో బిగిస్తారు. ట్రాన్స్‌ఫార్మర్ బోల్టుకిందో, పాత టంకం మీదో అంటించేసే పని కాదు. కేబుల్‌ని ఎవరైనా లాగినా ఎర్త్ చిట్టచివర తెగేలా ఆ తీగని మిగతా రెంటికంటే కాస్త పొడవుగా వదులుతారు. ప్లగ్గులో ఎర్త్ పిన్ను పొడవుగా ఉండటం వెనకా ఇదే లెక్క, అందరికంటే ముందు తగిలి అందరికంటే చివర వీడుతుంది. ఫ్యూజూ స్విచ్చీ ఫేజు తీగలోనే ఉండాలి. 0.047 కెపాసిటర్‌ని తీసేస్తారు, ఎర్త్ వచ్చాక దానికి పని లేదు. హమ్ కోసం ఏదో ఒకటి ఉండాల్సిందేనంటే, అందుకని ప్రత్యేకంగా చేసిన వై2 రకం 0.0047 పెట్టవచ్చు. 5,000 వోల్టుల తాకిడిని తట్టుకుంటుందని పరీక్షించి అమ్మేది అది, చెడిపోయినా షార్టవకుండా తెగిపోయేలా తయారుచేస్తారు, 230 వోల్టుల మీద దాటనిచ్చేది 0.34 మిల్లీఆంపియరే. ఈ పనంతా ఇంట్లో స్క్రూడ్రైవర్ పట్టుకుని చేసేది కాదని వేరే చెప్పాలి. ప్లగ్గు పీకేశాక కూడా లోపలి ఫిల్టర్ కెపాసిటర్లలో 400 వోల్టుల పైన డీసీ నిలిచి ఉండవచ్చు. వాటిని ఖాళీ చేశాకే లోపల చెయ్యి పెట్టాలి.

సేకరణకారులు కొందరు మూలరూపం చెడిపోతుందని, అమ్మకపు ధర పడిపోతుందని రెండు పిన్నుల తీగని ముట్టనివ్వరు. దీనికి పాత మెకానిక్కులు చేసే ఏర్పాటు సులువైనది. ఊడదీసిన తీగ, ప్లగ్గు, కెపాసిటర్ మూడూ ఒక కవర్లో వేసి, ఏ రోజున ఎవరు మార్చారో చీటీ రాసి, యాంప్లిఫైయర్ డబ్బా అడుగునే అంటించి ఇస్తారు. కొనేవాడికి మూలరూపం కావాలంటే ఆ కవరు చూపించవచ్చు.